ఇంటర్ మార్కులకే కేంద్ర స్కాలర్‌షిప్: ఎవరికి వస్తుంది, దరఖాస్తు ఎలా చేయాలి

ఇంటర్ ఫలితాలు రాగానే ఇళ్లలో ర్యాంకులు, సీట్లు, ఎడ్యుకేషన్ లోన్ లెక్కలు మొదలవుతాయి. ఆ హడావుడిలో పడి చాలామంది ఒక కేంద్ర స్కాలర్‌షిప్ సంగతే మర్చిపోతారు. దానికి వేరే పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు, ఇంటర్ మార్కులే ఆధారం. పథకం పేరు మాత్రం పొడవు: పీఎం-యూఎస్‌పీ సెంట్రల్ సెక్టార్ స్కీమ్ ఆఫ్ స్కాలర్‌షిప్ ఫర్ కాలేజ్ అండ్ యూనివర్సిటీ స్టూడెంట్స్. పోర్టల్‌లో వెతికేటప్పుడు ఈ పేరే కనిపిస్తుంది కాబట్టి గుర్తుపెట్టుకోండి.

డిగ్రీ మూడేళ్లూ ఏడాదికి రూ.12,000, పీజీలో ఏడాదికి రూ.20,000 ఇస్తారు. బీటెక్ వాళ్లకు నాలుగో ఏడాది రూ.20,000 వస్తుంది. అంటే నాలుగేళ్లకు రూ.56,000. బీటెక్ ఫీజంతా దీంతో తీరిపోదు, నిజమే. కానీ పుస్తకాలకూ, పరీక్ష ఫీజులకూ, బస్‌పాస్‌కూ సరిపోతుంది. అంతమేరకు బ్యాంకులో తీసుకునే అప్పు తగ్గుతుంది, దాని మీద వడ్డీ కూడా.

ముందు తేల్చుకోవాల్సింది

రాష్ట్ర ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ గానీ, మరే ఇతర స్కాలర్‌షిప్ గానీ తీసుకుంటున్న వాళ్లకు ఇది రాదు. మన దగ్గర ఎక్కువ మంది తడబడేది ఇక్కడే. రీయింబర్స్‌మెంట్‌కు అర్హత ఉన్న బీటెక్ విద్యార్థికి సాధారణంగా అదే పెద్ద మొత్తం. రూ.12,000 కోసం దాన్ని వదులుకోవడం తెలివైన పని కాదు. రెండు చోట్లా పెట్టి చూద్దాం అనుకోవడం అంతకన్నా తప్పు.

మరి ఇది ఎవరి కోసం? రీయింబర్స్‌మెంట్ ఆదాయ పరిమితి దాటిపోయి, అలాగని సొంత డబ్బుతో చదివించే స్తోమతా లేని కుటుంబాల కోసం. ఈ పథకంలో తల్లిదండ్రుల ఏడాది ఆదాయం రూ.4.5 లక్షల వరకు ఉండొచ్చు. చిన్న ప్రైవేటు ఉద్యోగులూ, దుకాణాలు నడిపేవాళ్లూ ఎక్కువగా ఈ మధ్యలోనే ఉంటారు.

ఇక మార్కుల సంగతి. నిబంధనలో ఉన్నది 80వ పర్సంటైల్. 80 శాతం మార్కులు కాదు. మీ బోర్డులో, మీ విభాగంలో (సైన్స్, కామర్స్, ఆర్ట్స్‌లో ఏదైతే అది) పాసైన వాళ్లందరిలో మొదటి 20 శాతంలో ఉండాలన్నమాట. దేశం మొత్తానికి ఏటా 82,000 కొత్త స్కాలర్‌షిప్‌లు ఉన్నాయి, అందులో సగం అమ్మాయిలకే. రాష్ట్రానికి వచ్చిన వాటాను సైన్స్, కామర్స్, ఆర్ట్స్ మధ్య 3:2:1 నిష్పత్తిలో పంచుతారు. అందుకని పక్కింటి ఎంపీసీ అబ్బాయి మార్కులు చూసి సీఈసీ పిల్లలు వెనక్కి తగ్గనక్కర్లేదు. రెగ్యులర్ కోర్సులో చేరి ఉండాలి. దూరవిద్య, డిప్లొమా వాళ్లకు వర్తించదు.

కాగితాలు

ఇంటర్ మెమో, కాలేజీ ఇచ్చే బోనఫైడ్, ఆదాయ ధ్రువపత్రం, ఉంటే కుల ధ్రువపత్రం. ఆదాయ పత్రానికి తెలంగాణలో మీసేవలో, ఆంధ్రప్రదేశ్‌లో సచివాలయంలో దరఖాస్తు పెట్టాలి. అడ్మిషన్ల సీజన్‌లో అక్కడ రద్దీ ఎక్కువ. ఫలితాల కోసం ఎదురుచూడకుండా ముందే పెట్టేయండి.

పేరు దగ్గర కాస్త ఓపిక పట్టాలి. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరం ఉంటుంది, పాస్‌బుక్‌లో అదీ ఉండదు. మూడూ పక్కపక్కన పెట్టి చూసి, తేడా ఉంటే మెమోకు తగ్గట్టు ఆధార్ సరిచేయించండి.

అన్నిటికన్నా ఎక్కువ డబ్బు ఆగేది బ్యాంకు ఖాతా దగ్గర. ఖాతా విద్యార్థి పేరు మీదే ఉండాలి. 'బ్యాంకులో ఆధార్ ఇచ్చాం కదా' అంటారు చాలామంది. కేవైసీకి ఆధార్ ఇవ్వడం వేరు, ఎన్‌పీసీఐలో (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) సీడింగ్ కావడం, అంటే మీ ఆధార్ ఏ బ్యాంకుతో ముడిపడిందో అక్కడ నమోదు కావడం వేరు. ప్రభుత్వ డబ్బు సీడింగ్ అయిన ఖాతాకే వెళ్తుంది, ఒక ఆధార్‌కు ఒక్క ఖాతాయే సీడ్ అవుతుంది. మా బంధువుల అమ్మాయి దరఖాస్తులో ఒక బ్యాంకు పేరు రాసింది, డబ్బేమో ఎప్పుడో తెరిచి మర్చిపోయిన ఇంకో ఖాతాలో పడింది. అది తెలుసుకోవడానికి నెలలు పట్టింది. మైఆధార్ సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే ఏ బ్యాంకో తెలిసిపోతుంది. మార్చాలంటే మీకు కావాల్సిన బ్యాంకులో సీడింగ్ ఫారం ఇవ్వాలి.

దరఖాస్తు

నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్ చిరునామా స్కాలర్‌షిప్స్ డాట్ గవ్ డాట్ ఇన్. దరఖాస్తుకు రుసుము లేదు. మొదట వన్ టైమ్ రిజిస్ట్రేషన్ చేయాలి. ఆధార్‌తో వివరాలు ఇస్తే ఫోన్‌కు రిఫరెన్స్ నంబరు వస్తుంది. తర్వాత పోర్టల్ యాప్, ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ రెండూ ఫోన్‌లో వేసుకుని విద్యార్థి ముఖాన్ని చూపితే 14 అంకెల ఓటీఆర్ నంబరు ఇస్తారు. చదువు పూర్తయ్యే దాకా అదే నంబరు. రాసిపెట్టుకోండి, నెట్ సెంటర్ వాళ్ల ఫోన్ నంబరుతో మాత్రం చేయించకండి. ఓటీపీలన్నీ వాళ్లకే వెళ్తాయి.

ఓటీఆర్‌తో లాగిన్ అయ్యాక ఫ్రెష్ అప్లికేషన్ తెరిచి, కోర్సు, మార్కులు, ఆదాయం నింపి, కాలేజీని ఎంచుకోవాలి. ఒకే పేరుతో రెండు మూడు కాలేజీలు కనిపిస్తాయి. జిల్లా, కోడ్ కాలేజీలో అడిగి సరిచూసుకోండి. తప్పు కాలేజీ ఎంచుకుంటే మీ దరఖాస్తు ఎక్కడో వేరే వాళ్ల లాగిన్‌లో కూర్చుంటుంది. ఫైనల్ సబ్మిట్ నొక్కితేనే దరఖాస్తు వెళ్లినట్టు, డ్రాఫ్ట్‌లో ఉన్నది లెక్కలోకి రాదు.

సబ్మిట్ తర్వాత

ప్రింట్ తీసి, కాగితాల నకళ్లతో కాలేజీ నోడల్ అధికారికి (కాలేజీలో స్కాలర్‌షిప్ దరఖాస్తులు చూసేవారు) ఇవ్వండి. ముందు కాలేజీ, తర్వాత ఇంటర్ బోర్డు వెరిఫై చేస్తాయి. విద్యార్థి గడువు ఒకటి, కాలేజీ గడువు ఇంకొకటి. పోర్టల్‌లో పథకం పేరు పక్కనే రెండూ ఉంటాయి. కాలేజీ తన గడువులోగా ఫార్వర్డ్ చేయకపోతే ఎంత మంచి మార్కులున్నా దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది, కాబట్టి మొహమాటపడకుండా వెళ్లి అడగండి. స్టేటస్‌లో డిఫెక్ట్ అని వస్తే కంగారు వద్దు. కారణం అక్కడే రాసి ఉంటుంది, సరిచేసి గడువులోగా మళ్లీ పంపితే సరిపోతుంది.

రెండో ఏడాది నుంచి రెన్యువల్. దానంతట అది జరగదు, ప్రతి ఏడాదీ పోర్టల్‌లో పెట్టుకోవాలి. వార్షిక పరీక్షల్లో 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు తప్పనిసరి. మళ్లీ ఫ్రెష్ అప్లికేషన్ తెరవకండి. పాత దరఖాస్తు మీదే రెన్యువల్ ఆప్షన్ వస్తుంది.