ఒక్క చీర పట్టుకుని ప్రపంచాన్ని చదవడం ఎలా?

పండగ రోజుల్లో బరంపురం బజారుకి వెళ్తే దుకాణాల బయట వేలాడే పూల చీరలు కనిపిస్తాయి. పాలిస్టర్ చీరలు, మడత మీద సూరత్ స్టిక్కరు. సూరత్ పవర్‌లూమ్ మగ్గాల దగ్గర ఒడిశాలోని మన గంజాం జిల్లా మనుషులు లక్షల్లో ఉన్నారు. అంటే ఆ గుడ్డ నేసింది మన పక్కవీధి కుర్రాడే కావచ్చు. కొడుకు అక్కడ నేసిన గుడ్డ దేశమంతా తిరిగి వచ్చి, తల్లి ఇక్కడ వాయిదాల మీద కొనుక్కునే చీర అవుతోంది. అదీ పట్టుచీరలకు పేరున్న ఊళ్ళో.

టెక్నాలజీ, మీడియా, డబ్బు, ప్రపంచ అసమానత. పాఠ్యపుస్తకంలో ఇవి నాలుగు పాఠాలు. ఆ చీరలో మాత్రం నాలుగూ ఒకేచోట ఉన్నాయి. కాలేజీ పిల్లలు ప్రాజెక్టు అనగానే "ప్రపంచీకరణ" అని శీర్షిక పెట్టి, నెట్‌లోంచి పది పేజీలు దింపేస్తుంటే నాకు మనసు చివుక్కుమంటుంది. ఆ పదిపేజీల్లో లేనిదంతా వాళ్ళ ఇంటి గుమ్మంలోనే ఉంటుంది. సమాజశాస్త్రం చదవకపోయినా ఈ పని ఎవరైనా చేయొచ్చు. రెండు మూడు వారాల సమయం, ఒక నోటుబుక్కు, వినే ఓపిక ఉంటే చాలు.

మొదట ఒక వస్తువు ఎంచుకోండి

చేత్తో పట్టుకోగలిగింది కావాలి. దాన్ని తయారు చెయ్యడంలోనో, మోయడంలోనో, అమ్మడంలోనో చెయ్యి పెట్టిన మనిషి మీ వీధిలో ఒక్కరైనా ఉండాలి. పర్లాకిమిడిలో ఉంటే కొమ్ముతో చేసిన బొమ్మ, కోరాపుట్‌లో ఉంటే కాఫీ గింజ, సిరొంచలో అయితే తునికాకు కట్ట, ధర్మాబాద్‌లో అయితే మిరపకాయ తీసుకోండి. నేను చీరతోనే చెబుతాను.

దాని ధర మొదటి పేజీలో రాయండి. అందులో నేసినవాడికి ఎంత, నూలు అమ్మినవాడికి ఎంత, దుకాణానికి ఎంత పోతుందో మీకు తోచినట్టు ఊహించి పక్కన వేయండి. ఆ అంకెలు తర్వాత దిద్దకండి. చివర్లో వాటితో పని ఉంది.

పెద్దవాళ్ళ దగ్గర కూర్చోండి

వలస అనగానే ఇది మొన్నమొన్న మొదలైన సంగతి అనుకుంటాం. మా నాయనమ్మ తరం వాళ్ళని అడిగితే "రంగం" అంటారు. అంటే రంగూన్. గోపాలపూర్ రేవులో స్టీమరు ఎక్కి గంజాం, శ్రీకాకుళం వైపు నుంచి వేలమంది బర్మా వెళ్ళారు. రంగూన్ రేవుల్లో మూటలు మోశారు, బియ్యపు మిల్లుల్లో పనిచేశారు. తీసుకెళ్ళేది మేస్త్రీ. ముందు అడ్వాన్సు ఇస్తాడు, తర్వాత కూలిలోంచి కోసుకుంటాడు. 1930లో రంగూన్ రేవులో మన తెలుగు కూలీల సమ్మె సమయంలో మొదలైన అల్లర్లలో చాలామంది చనిపోయారు. జపాన్ బర్మా మీదకి వచ్చిన 1942 ప్రాంతంలో ఎన్నో కుటుంబాలు అడవులు, కొండలు దాటుకుంటూ నడిచి వెనక్కి వచ్చాయి. "రంగం ఎల్లినోడి కబురు రంగం నుంచే రావాలి" అనేది మా నాయనమ్మ. కబురు రాని ఇళ్ళు ఆవిడకి తెలుసు.

నోటుబుక్కులో మూడు నిలువు గీతలు కొట్టండి. తాత తరం, తండ్రి తరం, ఇప్పటి తరం. ప్రతి తరానికీ నాలుగే ప్రశ్నలు. ఎవరు తీసుకెళ్ళారు? ముందు డబ్బు ఎవరిచ్చారు? కబురు ఎలా వచ్చేది? కూలి రేటు ఎవరు కట్టారు?

గడులు నిండేకొద్దీ ఒక సంగతి కంటపడుతుంది. స్టీమరు పోయి రైలు వచ్చింది. ఉత్తరం పోయి ఫోను వచ్చింది. చివరి గడి మాత్రం పెద్దగా మారలేదు. రేటు కట్టేవాడు అప్పుడూ మన ఊరివాడు కాదు, ఇప్పుడూ కాదు. ముందు డబ్బు ఇచ్చి కూలీని కట్టేసుకునే పద్ధతికి ఒడియాలో "దాదన్" అనే మాట ఉంది. వలస కూలీలని పత్రికలు ఇప్పటికీ దాదన్ శ్రామికులనే రాస్తున్నాయి. టెక్నాలజీ వస్తే బతుకులు వాటంతట అవే మారతాయన్న మాటని పరీక్షించడానికి ఈ పట్టికని మించింది నాకు కనపడలేదు.

ప్రశ్న ఎలా అడగాలి

ఇక్కడే చాలామంది పని చెడగొట్టుకుంటారు. నేనూ చెడగొట్టాను. మొదటిసారి ఒక ఇంటికి వెళ్ళి, కూర్చోగానే "అబ్బాయి నెలకి ఎంత పంపుతాడమ్మా?" అని అడిగాను. ఆవిడ చేటలోంచి చెయ్యి తీసి నా వైపు చూసింది. "ఏటి బాబూ, మా డబ్బుతో నీకేటి పని?" అంది. తప్పు నాదే. ఆ ప్రశ్న అడిగేవాళ్ళు అప్పు వసూలుకి వచ్చేవాళ్ళే. వాళ్ళకీ నాకూ తేడా ఆవిడకి ఎలా తెలుస్తుంది?

వారం తర్వాత మళ్ళీ వెళ్ళాను. "పిన్నీ, నిన్న పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఏం చేశావో చెప్తావా?" అన్నాను. గంటసేపు చెప్పింది. కొడుకు ఫోను చేసే వేళ, వాడు నైట్ షిఫ్టులో ఉంటే చెయ్యని రోజులు, డబ్బు పడ్డ మెసేజ్ చదివించుకోవడానికి పక్కింటి పిల్లని పిలవడం, అన్నీ వాటంతట అవే వచ్చాయి. డబ్బు లెక్క అడగాలనుకుంటే ముందు రోజు గురించి అడగండి. లెక్క దాని వెనకాలే వస్తుంది.

ఎందుకు అడుగుతున్నారో మొదటే చెప్పండి. పేర్లు రాయకండి. వీడియో తీయకండి. ఒడియాలో మాట్లాడితే ఒడియాలోనే, తెలుగులో మాట్లాడితే వాళ్ళ తెలుగులోనే, వాళ్ళు అన్నమాట అన్నట్టే రాసుకోండి. "సేఠ్" (యజమాని), "మెస్", "పగార్" (జీతం) అన్న మాటల్ని శుద్ధి చేయకండి. సూరత్‌లో మనవాళ్ళు ఉండే గదిని "మెస్" అంటారు. పగలు షిఫ్టు వాడు లేచిన చోట రాత్రి షిఫ్టు వాడు పడుకుంటాడు. ఆ మాటని "వసతి గృహం" అని మార్చేస్తే అందులోని మనిషి మాయమవుతాడు. సెలవు మీద వచ్చినవాళ్ళు దొరకాలంటే రెండేళ్ళకోసారి జరిగే ఠాకురాణి యాత్ర రోజులు మంచివి. కాకపోతే అది వాళ్ళు ఇంటివాళ్ళతో గడిపే సమయం. ఎక్కువ తినేయకండి.

రేటు వెంట పడండి

ఇప్పుడు చీరని వెనక్కి నడిపించండి. దుకాణం, హోల్‌సేల్ వ్యాపారి, సూరత్‌లో అద్దకం, మగ్గం, నూలు. ప్రతి మలుపు దగ్గరా ఒకటే ప్రశ్న: ఇక్కడ రేటు ఎవరు చెప్పారు, ఎవరు ఒప్పుకోవాల్సి వచ్చింది? పవర్‌లూమ్ కార్మికుడికి చాలాచోట్ల మీటరు లెక్కన డబ్బు వస్తుంది. పన్నెండు గంటల షిఫ్టు. కరెంటు పోయినా, నూలు తెగినా పోయేది అతని మీటర్లే. పాలిస్టర్ నూలు పెట్రోలియం నుంచి వస్తుంది కాబట్టి ముడిచమురు ధర కదిలితే నూలు ధర కదులుతుంది. ప్రపంచంలో పాలిస్టర్ ఎక్కువగా తయారుచేసేది చైనా. ధర పెరిగినా తగ్గినా ఆ అదురు చివరికి మీటరు రేటు దగ్గరికి వచ్చి ఆగుతుంది.

పక్కనే బరంపురం పట్టుని కూడా ఇలాగే నడిపించండి. ఫోడా కుంభ అనే గుడి గోపురాల్లాంటి అంచు పెట్టి నేసే చీరకి పడుగూ పేకా పట్టే. ముడిపట్టు ఎక్కువగా కర్ణాటక నుంచి వస్తుంది. జరీకి సూరతే పెట్టింది పేరు. మగ్గం ముందు కూర్చున్న మనిషి చేతిలో పనితనం ఉంది. నూలు ధరగానీ, చీర ధరగానీ ఆయన చేతిలో లేదు.

ఫోను దగ్గర కాసేపు ఆగండి

2016లో మూడు సంగతులు జరిగాయి. ఏప్రిల్‌లో యూపీఐ వచ్చింది, సెప్టెంబరులో చవక డేటా వచ్చింది, నవంబరులో పెద్ద నోట్లు రద్దయ్యాయి. డబ్బు పంపే దారి పూర్తిగా మారిపోయింది. మంచిదే. మనియార్డరు కోసం పోస్ట్‌మ్యాన్ దారి చూడక్కర్లేదు. అయితే ఒక ఇంట్లో ఇది చూడండి: డబ్బు ఎవరి నంబరుకి పడుతుంది? పిన్ ఎవరికి తెలుసు? ఫోను రాత్రి ఎవరి తలగడ కింద ఉంటుంది?

నేను చూసిన ఇంట్లో ఫోను బియ్యం డబ్బా మీద, చార్జరుకి గుచ్చి ఉంటుంది. మామగారు పొలం నుంచి వచ్చేదాకా కోడలు దాన్ని ముట్టుకోదు. భర్త పంపిన డబ్బు ఆమె పేరుమీదే పడుతుంది. పిన్ మాత్రం మామగారికి తెలుసు, ఆమెకి తెలియదు.

ఇదొక్క ఇంటి కథ కాదని తెలియడానికి అంకెలు కావాలి. 2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో తమ సొంతానికి వాడుకునే మొబైల్ ఉన్నవాళ్ళు 54 శాతం. ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడిన ఆడవాళ్ళు 33 శాతం, మగవాళ్ళు 57 శాతం. మీ వీధిలో పది ఇళ్ళు లెక్కపెట్టి ఈ అంకెల పక్కన వేయండి. "ఇంట్లో ఫోను ఉందా?" అన్న ప్రశ్నకీ "నీకు ఫోను ఉందా?" అన్న ప్రశ్నకీ ఎంత తేడా వస్తుందో చూస్తారు.

వారం రోజులు మీడియా లెక్క రాయండి

ఒక వారం మీ ఇంట్లో చూసిన వార్తలన్నీ రాసుకోండి. ఏ భాషలో, ఏ ఊరి గురించి, ఎవరు మాట్లాడారు. మనం చూసే తెలుగు చానళ్ళు హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి వస్తాయి. ఒడియా చానళ్ళు భువనేశ్వర్ నుంచి. 1936 ఏప్రిల్ 1న గంజాం మద్రాసు నుంచి విడిపోయి ఒడిశాలో కలిసింది. అప్పట్నుంచి సరిహద్దుకి ఇవతలున్న తెలుగువాళ్ళం రెండు కెమెరాలకీ అందని చోట ఉన్నాం. తుఫాను వచ్చినప్పుడు ఇది బాధగా తెలుస్తుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తీరం దాటింది గోపాలపూర్ దగ్గరే. తెలుగు మాత్రమే వచ్చిన ముసలమ్మకి ఒడియా మైకు ప్రకటన ఎవరు విడమరచి చెప్పారో అడగండి.

ఇంకో పని. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ సూరత్‌లో కార్మికులు ఇళ్ళకి పంపమని రోడ్డెక్కారు. అప్పటి వార్తలు పాత పేపర్లలోనో, నెట్‌లోనో వెతికి తీయండి. ఎన్ని వార్తల్లో కార్మికుడు తన మాటల్లో మాట్లాడాడు? ఎన్నిట్లో వట్టి గుంపుగా కనిపించాడు? తర్వాత అక్కడే ఉన్నవాడిని అడిగి రెండూ పక్కపక్కన పెట్టండి.

ఊళ్ళో టీవీ ఎలా మొదలైందో పెద్దల్ని అడగడం మరిచిపోకండి. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహంతో ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి టీవీ చేరింది. వాటిలో ఒడిశా, ఆంధ్ర పల్లెలూ ఉన్నాయి. ఊరికంతటికీ ఒకటే టీవీ, అందరూ ఒకేచోట. ఇప్పుడు ఒకే మంచం మీద కూర్చున్న అన్నదమ్ములిద్దరి ఫోన్లు తెరిచి చూడండి. ఇద్దరి ముందూ వేర్వేరు ప్రపంచాలు ఉంటాయి.

మూడు కళ్ళద్దాలు

ఇంతవరకు పోగుచేసింది చదవడానికి సమాజశాస్త్రం మూడు చూపులు ఇస్తుంది. ఫ్రెంచి సమాజశాస్త్రజ్ఞుడు డ్యుర్కైమ్ దారిలో వెళ్ళేవాళ్ళు, ఇది సమాజాన్ని ఎలా కలిపి ఉంచుతోంది అని అడుగుతారు. సూరత్ మెస్‌లో ఊరివాళ్ళంతా ఒకే గదిలో ఉండడం అలా అర్థమవుతుంది. మార్క్స్ దారిలో వెళ్ళేవాళ్ళు, మగ్గం ఎవరిది, లాభం ఎవరికి అని అడుగుతారు. మూడో దారివాళ్ళు మనుషులు ఒకరితో ఒకరు మెలిగేటప్పుడు ఆ వస్తువుకి ఏ అర్థం ఇస్తున్నారో చూస్తారు. బియ్యం డబ్బా మీది ఫోను ఆ కోడలికి ఏమిటో ఈ చూపుకే దొరుకుతుంది. ఒకే సంఘటనని మూడుసార్లు, మూడు విధాలుగా రాయండి. నా మట్టుకు నాకు రెండోదే ఎక్కువ పని చేసింది. కానీ అదొక్కటే పెట్టుకుని ఉంటే కోడలి పిన్ సంగతి నాకు కనపడేదే కాదు.

గంటల లెక్కతో ప్రపంచాన్ని కొలవండి

దేశాల మధ్య పోలిక అనగానే డాలరుని రూపాయల్లోకి మారుస్తాం. అది మోసం చేస్తుంది, ఎందుకంటే రూపాయికి ఇక్కడ దొరికేది అక్కడ దొరకదు. ప్రపంచ బ్యాంకు 2025 జూన్‌లో కడు పేదరికపు గీతని రోజుకి 2.15 నుంచి 3 డాలర్లకి మార్చింది. ఆ డాలరు కూడా బ్యాంకులో మార్చుకునే డాలరు కాదు, కొనుగోలు శక్తితో సరిచేసిన డాలరు. ఇంత గొడవ లేకుండా ఒక దారి ఉంది. వస్తువు ధరని డబ్బులో కాక పనిగంటల్లో చెప్పండి.

ఉదాహరణకి పన్నెండు గంటల షిఫ్టుకి 600 రూపాయలు వస్తాయనుకుందాం. గంటకి 50. చీర 450 అయితే అది నేసినవాడికి తొమ్మిది గంటల పని. అమెరికాలో కేంద్ర ప్రభుత్వ కనీస కూలి 2009 నుంచి గంటకి 7.25 డాలర్లు. అక్కడ 15 డాలర్ల పాలిస్టర్ గౌను, ఆ కనీస కూలి మాత్రమే వచ్చేవాడికైనా రెండు గంటల పనికి కాస్త ఎక్కువ. మీ వీధిలోవాళ్ళ అసలు అంకెలతో ఈ లెక్క వేయండి. సేఠ్ గంట, దుకాణందారు గంట, ఇంట్లో జీతం లేకుండా పనిచేసే ఆవిడ గంట కూడా పెట్టండి. ఆ చివరి గడిలో సున్నా వేయాల్సి వచ్చినప్పుడు చెయ్యి ఆగుతుంది. ఆగాలి.

1970లలో ఇమాన్యుయెల్ వాలర్‌స్టీన్ అనే అమెరికన్ సమాజశాస్త్రజ్ఞుడు ప్రపంచాన్ని కేంద్రం, అంచు, ఆ రెంటికీ మధ్యవి అని విడదీసి చూశాడు. సరిహద్దు జిల్లాల్లో పుట్టినవాళ్ళకి అంచు అన్న మాట విడమరచి చెప్పక్కర్లేదు. బరంపురానికి సూరత్ కేంద్రం. పెద్ద దేశాల బజార్ల పక్కన పెడితే సూరతే అంచు. మన కంధమాల్ కొండల మనిషికి బరంపురమే కేంద్రం. మీ చీర దారిలో ప్రతి ఊరినీ ఇలా గుర్తించండి.

రాసింది తిరిగి తీసుకెళ్ళండి

మొదటి పేజీలో వేసిన ఊహ అంకెలు ఇప్పుడు తీసి, అసలు అంకెల పక్కన పెట్టండి. తర్వాత రాసిందంతా మాట్లాడిన ఇళ్ళకి తీసుకెళ్ళి, వాళ్ళ భాషలో చదివి వినిపించండి. తప్పులు వాళ్ళే పట్టుకుంటారు.

నేను ఆ పిన్ని ఇంట్లో చదువుతుంటే, సెలవుకి వచ్చిన కొడుకు మధ్యలో ఆపాడు. "మీటరు రేటు సరే, చెడిపోయిన గుడ్డకి కోసేది రాయలేదేటి?" అన్నాడు. చొక్కా జేబులోంచి మడతలు పడ్డ చీటీ తీసి నా ముందు పెట్టాడు. అందులో మీటర్లు, పక్కన రేటు, కింద ఎర్ర సిరాతో తీసివేత. వాళ్ళమ్మ ఆ చీటీని అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. నా చేతిలోంచి తీసుకుని, గుమ్మం వెలుతురులోకి వెళ్ళి, ఆ ఎర్ర అంకె ఎంతో చదవమని పక్కింటి పిల్లని పిలిచింది.