జీపుకి సొంతంగా కోల్డ్ ఎయిర్ ఇంటేక్ (బయటి చల్లగాలిని ఇంజిన్‌కి అందించే ఫిల్టర్, పైపు) బిగించే ముందు జాగ్రత్తలు

• ఇంజిన్ చల్లారాకే మొదలుపెట్టండి. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి.

• ఫిల్టర్ ఎక్కడ పెడతారన్నదే అసలు సంగతి. చల్లగాలి కోసమని బంపర్ వెనక్కి దించితే, వాగు దాటేటప్పుడు నీళ్లు లాగేస్తుంది. ఇంజిన్‌లోకి చేరిన నీరు గాలిలా కుదించుకుపోదు, పిస్టన్‌కి తగిలించి ఉండే కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. నేనైతే బానెట్ ఎత్తులోనే ఉంచి, ఇంజిన్ వేడి తగలకుండా అల్యూమినియం రేకు అడ్డం పెడతాను.

• పీవీసీ పైపు వద్దు. చవకే, కానీ వేడికి మెత్తబడుతుంది.

• పైపు కోసిన అంచులు ఆకురాయితో నున్నగా చేసి, కడిగి ఆరబెట్టి, లోపల టార్చి వేసి చూడండి. చిన్న ఇనప రజను చాలు, టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే చక్రం) బ్లేడ్లు పాడవడానికి.

• ఎయిర్‌ఫ్లో సెన్సర్ (లోపలికెళ్లే గాలిని కొలిచేది) మీది బాణం గుర్తు ఇంజిన్ వైపే ఉండాలి.

• పైపు అతుకుల దగ్గరి క్లాంపులు మొదటి మట్టిరోడ్డు ప్రయాణం తర్వాత మళ్లీ బిగించండి. వదులైతే దుమ్ము ఫిల్టర్‌ని తప్పించుకుని నేరుగా ఇంజిన్‌లోకే.