రూట్ పాస్‌వర్డ్ అందరికీ ఇవ్వకుండా డేటాబేస్ ఖాతాలు పెట్టుకోవడం ఎలా?

పర్లాకిమిడిలో జీడిపప్పు హోల్‌సేల్ దుకాణం, సరిహద్దు దాటగానే పాతపట్నంలో గోడౌన్, రెండింటి లెక్కలూ ఒకే మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయనుకుందాం. ఇలాంటిచోట రూట్ (అన్ని హక్కులూ ఉండే ప్రధాన ఖాతా) పాస్‌వర్డ్ మానిటర్ అంచున చీటీ మీద ఉంటుంది. కౌంటర్ కుర్రాడికీ, గుమాస్తాకీ, నెలకోసారి వచ్చే అకౌంటెంటుకీ అదే. రేటు ఎవరు మార్చారని అడిగితే అందరూ "నేను కాదండీ" అంటారు. లాగ్ తీసినా రూట్ అనే ఉంటుంది.

ముందు కాగితం మీద ఎవరి పని ఏమిటో రాసుకోండి. కౌంటర్‌వాళ్లు బిల్లు కొడతారు, గోడౌన్‌వాళ్లు స్టాకు ఎక్కిస్తారు, అకౌంటెంటు చూస్తాడంతే. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కూడా ఒక ఖాతాతోనే లోపలికి వస్తుంది. దానికీ రూట్ వద్దు.

తర్వాత మనిషికో ఖాతా. ఆజ్ఞలు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, టైపు ఇంగ్లిష్‌లోనే చేయాలి:

క్రియేట్ యూజర్ 'కౌంటర్1'@'192.168.1.%' ఐడెంటిఫైడ్ బై 'పాస్‌వర్డ్';

చాలామంది తికమకపడేది @ తర్వాతి భాగం దగ్గరే. మైఎస్‌క్యూఎల్‌కి పేరు ఒక్కటే ఖాతా కాదు, ఎక్కణ్నుంచి వస్తున్నారన్నదీ అందులో భాగమే. 'కౌంటర్1'@'లోకల్‌హోస్ట్', 'కౌంటర్1'@'%' రెండూ వేర్వేరు ఖాతాలు, హక్కులూ వేర్వేరు. 'లోకల్‌హోస్ట్' అంటే డేటాబేస్ ఉన్న కంప్యూటర్ నుంచే, '192.168.1.%' అంటే ఆ అంకెలతో మొదలయ్యే నెట్‌వర్క్ అడ్రసుల నుంచే. ఉత్త '%' అంటే ఎక్కణ్నుంచైనా రావచ్చని. పాతపట్నం నుంచి కనెక్ట్ కావాలని రౌటర్‌లో మైఎస్‌క్యూఎల్ వాడే 3306 పోర్టు బయటికి తెరిచేస్తారు కొందరు. ఆ పని చేయకండి. వీపీఎన్ (ఇంటర్నెట్ మీద రెండు చోట్లనూ కలిపే భద్రమైన దారి) పెట్టుకుని, ఆ అడ్రసుల వరకే అనుమతించండి.

ఇక హక్కులు. సెలెక్ట్ అంటే చూడటం, ఇన్సర్ట్ అంటే కొత్తది చేర్చడం, అప్‌డేట్ అంటే ఉన్నది మార్చడం, డిలీట్ అంటే తీసేయడం. షాప్.బిల్స్ అంటే షాప్ అనే డేటాబేస్‌లోని బిల్స్ టేబుల్:

గ్రాంట్ సెలెక్ట్, ఇన్సర్ట్ ఆన్ షాప్.బిల్స్ టు 'కౌంటర్1'@'192.168.1.%';

గ్రాంట్ అప్‌డేట్ (స్టేటస్) ఆన్ షాప్.బిల్స్ టు 'కౌంటర్1'@'192.168.1.%';

రెండో ఆజ్ఞతో కౌంటర్ కుర్రాడు బిల్లును "రద్దు" అని మార్చగలడు గానీ మొత్తం దిద్దలేడు. డిలీట్ మాత్రం ఎవరికీ ఇవ్వొద్దనే నేనంటాను. జీఎస్టీ బిల్లు నంబర్లు వరుసగా ఉండాలి. మధ్యలో ఒకటి మాయమైతే సమాధానం చెప్పాల్సింది యజమానే. అకౌంటెంటుకి సెలెక్ట్ చాలు. గ్రాంట్ ఇచ్చాక ఫ్లష్ ప్రివిలేజెస్ (హక్కులను మళ్లీ చదివించే ఆజ్ఞ) కొట్టమని ఎవరో ఒకరు చెబుతారు, అక్కర్లేదు.

కౌంటర్లో నలుగురైదుగురు ఉంటే మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి వచ్చిన రోల్స్ (పేరు పెట్టిన హక్కుల కట్టలు) వాడండి. క్రియేట్ రోల్‌తో ఒక రోల్ చేసి, హక్కులు దానికిచ్చి, ఆ రోల్‌ను ఒక్కొక్కరికీ గ్రాంట్ చేయాలి. అక్కడితో ఆపేస్తే లాగిన్ అయినా టేబుల్ తెరుచుకోదు. సెట్ డిఫాల్ట్ రోల్ ఆల్ టు... అని ఆ ఖాతా పేరుతో ఇస్తేనే లాగిన్ కాగానే రోల్ పనిచేస్తుంది.

ఎవరికేముందో షో గ్రాంట్స్ ఫర్‌తో అప్పుడప్పుడు చూడండి. దసరా రద్దీకని ఇచ్చిన హక్కు సంక్రాంతికీ అలాగే ఉంటుంది. రివోక్‌తో తీసేయండి.

ఎవరైనా పని మానేస్తే వెంటనే డ్రాప్ యూజర్ వద్దు. వాళ్ల పేరుమీద వ్యూలో ప్రొసీజర్లో (డేటాబేస్‌లో దాచిపెట్టిన క్వెరీలు, ఆజ్ఞల వరసలు) ఉంటే అవి ఆగిపోవచ్చు. ఆల్టర్ యూజర్ చివర అకౌంట్ లాక్ అని పెడితే చాలు. అయితే అప్పటికే తెరిచి ఉన్న కనెక్షన్ లాక్ చేసినా తెగదు. షో ప్రాసెస్‌లిస్ట్‌లో దాని నంబరు చూసి కిల్ కొట్టాలి.