డిజిటల్ వీడియోకి ఫిల్మ్ కళ – 4వ పాఠం: రంగు ముదరాలి, మెరవకూడదు

లాడ్ బజార్‌లో సాయంత్రం పూట ఎస్-లాగ్3లో (రంగు, కాంట్రాస్ట్ పల్చగా ఉంచి రికార్డు చేసే సోనీ కెమెరా పద్ధతి) తీసిన క్లిప్‌కి పోయిన పాఠంలో ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ సరిచేశాం. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్, కలర్ సాఫ్ట్‌వేర్‌లో అదే తెరిచి, బల్బుల కింద ఎర్ర లక్క గాజుల వరస కనిపించే ఫ్రేమ్ దగ్గర ఆపండి. ఈ రోజు పనంతా ఆ ఎరుపు మీదే.

ముందు అందరం చేసే తప్పు చేసి చూద్దాం. శాచురేషన్ (రంగు గాఢత) 50 నుంచి 80కి జరపండి. ఎరుపు పెరిగింది, కానీ గాజు నియాన్ బోర్డులా వెలుగుతోంది. అద్దం ముక్కల మధ్య లక్క మీద ఉన్న గరుకు మాయమైంది. మొదట్లో నేను ఒక పెళ్లి వీడియోలో పట్టుచీరని సరిగ్గా ఇలాగే పాడుచేశాను. జరీ గీతలు ఎరుపులో కలిసిపోయాయి. పెళ్లికూతురి అమ్మగారు చూసి, "మేం కొన్న చీర ఇది కాదు బాబూ" అన్నారు. ఆ మాట నాకింకా గుర్తుంది.

ఫిల్మ్‌లో ఇలా ఎందుకు జరగదు? ఫిల్మ్ ప్రింట్‌లో సయాన్, మెజెంటా, పసుపు అనే మూడు అద్దకాల పొరలుంటాయి. మెజెంటా, పసుపు కలిస్తే ఎరుపు. ఎరుపు చిక్కబడాలంటే ఆ అద్దకాలు చిక్కబడాలి, అప్పుడు వాటిగుండా వచ్చే వెలుతురు తగ్గుతుంది. బట్టని రంగులో ఇంకో రెండుసార్లు ముంచితే ముదురుతుందే తప్ప మెరవదు కదా, అదే సంగతి.

ఇప్పుడు శాచురేషన్‌ని మళ్లీ 50కి తెచ్చి, కొత్త నోడ్ (ఒక్కో మార్పుకి వేసే ఒక్కో గడి) వేయండి. దాని మీద రైట్ క్లిక్ చేసి కలర్ స్పేస్‌ని హెచ్ఎస్‌వీకి (బొమ్మని రంగు, గాఢత, వెలుతురు అని మూడుగా విడదీసే పద్ధతి) మార్చండి. ఛానెల్స్‌లో 1, 3 ఆపేసి గాఢత ఉండే 2 ఒక్కటే ఉంచండి. ఇక గెయిన్‌ని కొంచెం కొంచెంగా పెంచండి. గాజు లోతుగా, దానిమ్మ గింజ రంగులోకి దిగుతుంది. అద్దం మీది మెరుపు మాత్రం అలాగే నిలుస్తుంది. చూపు గాజు మీదే పెట్టకుండా దుకాణదారు ముఖం కూడా చూస్తుండండి. చర్మం ఇటుక రంగుకి తిరిగిందంటే ఎక్కువైనట్టే. అనుమానముంటే వెక్టర్‌స్కోప్‌లో (రంగుల్ని, వాటి గాఢతని చూపే గ్రాఫ్) స్కిన్ టోన్ గీత చూడండి.

దాని తర్వాతి నోడ్‌లో కలర్ స్పేస్ ట్రాన్స్‌ఫార్మ్ (ఒక రంగుల పద్ధతి నుంచి ఇంకోదానికి మార్చే టూల్) వేయండి. ఇన్‌పుట్ మీ కెమెరాది, అవుట్‌పుట్ కలర్ స్పేస్ రెక్.709 (మామూలు హెచ్‌డీ టీవీ రంగుల ప్రమాణం), గామా సినియాన్ ఫిల్మ్ లాగ్ (ఫిల్మ్ స్కాన్ల కోసం వచ్చిన లాగ్ పద్ధతి). ఆఖరి నోడ్‌లో ఫిల్మ్ లుక్స్ ఫోల్డర్‌లోని కొడాక్ 2383 లట్ (రంగుల్ని ఒక పట్టిక ప్రకారం మార్చే ఫైల్) వేయండి. 2383 అంటే థియేటర్ ప్రింట్లకి వాడిన ఫిల్మ్ రకం. లట్ ఘాటుగా అనిపిస్తే చాలామంది ఆ నోడ్ బలం తగ్గిస్తారు. దయచేసి అలా చేయకండి, అడుగున ఉన్న లాగ్ బొమ్మ కలిసి అంతా వెలిసిపోతుంది. లట్‌కి ముందున్న నోడ్‌లలోనే సర్దుకోండి.

ఈ వారం మీ పేటలోని ఇరానీ హోటల్‌లో ఒక చాయ్ కప్పు తీయండి. సెకనుకి 25 ఫ్రేములు, షటర్ 1/50 సెకను. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్ కొట్టుకోకుండా ఉంటుంది. ఆ చాయ్ రంగుని ఇదే పద్ధతిలో ముదర్చండి. గ్రెయిన్ (ఫిల్మ్ మీది సన్నని రేణువులు), హేలేషన్ (మెరిసే వెలుతురు చుట్టూ వచ్చే ఎర్రటి కాంతి) 5వ పాఠంలో చేద్దాం, అప్పటిదాకా వాటి జోలికి పోవద్దు.