12 కప్‌కేకులు, 10 అక్షరాలు: పుట్టినరోజుకి ఇంట్లోనే ఇలా చేయండి

పిల్లల పుట్టినరోజుకి కప్‌కేకులు ఇంట్లో చేద్దామనుకోగానే అందరం ముందు వీడియోలు చూస్తాం, ఫాండెంట్ (పంచదార ముద్ద) బొమ్మలు, ఇంద్రధనుస్సు రంగుల క్రీమ్ అని ఏవేవో ఊహించేసుకుంటాం. అవన్నీ వదిలేయండి. ఫాండెంట్ ఫొటోకే బాగుంటుంది, పిల్లలు ఒక్క ముక్క కొరికి పక్కన పెట్టేస్తారు. మన వేడికి కాసేపు నిలిచి, పిల్లలు నిజంగా తినే అలంకరణ అయితే చాలు. దానికి నా లెక్క ఒకటుంది: ‘పుట్టినరోజు శుభాకాంక్షలు’లో సరిగ్గా 10 అక్షరాలున్నాయి, కింది కొలతకి 12 కప్‌కేకులు వస్తాయి. ఒక్కోదాని మీద ఒక్కో అక్షరం పెట్టి, మిగిలిన రెండింట్లో ఒకదాని మీద వయసు అంకె, ఇంకోదానికి కొవ్వొత్తి.

పని రెండు రోజులకి పంచుకోండి. ముందు రోజు సాయంత్రం కేకులు, అక్షరాలు. పుట్టినరోజు నాడు క్రీమ్ ఒక్కటే.

కేకు గుడ్డు లేకుండానే చేయడం మేలు, ఎందుకంటే వచ్చేవాళ్లలో ఒకరు శనివారమనో, ఇంకొకరు కార్తీకమాసమనో అనక మానరు. ఒక కప్పు చిక్కటి పెరుగులో ముప్పావు కప్పు పంచదార పూర్తిగా కరిగేదాకా కలిపి, అందులో ఒకటింబావు టీస్పూన్ బేకింగ్ పౌడర్, అర టీస్పూన్ వంట సోడా వేసి ఐదు నిమిషాలు వదిలేస్తే పెరుగు నురగలా పొంగుతుంది. అప్పుడు అర కప్పు నూనె, ఒక టీస్పూన్ వెనిలా ఎసెన్స్ కలిపి, ఒకటిన్నర కప్పుల మైదా జల్లించి వేయాలి. నూనె సన్‌ఫ్లవర్‌లాంటి వాసన లేనిదే, వేరుశనగ నూనె వేస్తే కేకంతా అదే వాసన. మైదా వేశాక ఉండలు పోయేంతవరకే కలపండి, గిలక్కొడితే కేకు సాగుతుంది. చాక్లెట్ రుచి కావాలంటే పావు కప్పు మైదా తగ్గించి ఆ మేరకు కోకో పొడి వేసుకోండి.

మీ ఓటీజీలో (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్) ఆరు గుంతల ట్రే మాత్రమే పడితే పిండి మొత్తం ఒకేసారి కలపొద్దు. సోడా పెరుగుతో కలిసిన క్షణం నుంచే గాలి బుడగలు పుడతాయి, రెండో విడత వంతు వచ్చేసరికి అవి సగం పోయి కేకులు చదునుగా, గట్టిగా వస్తాయి. సగం కొలత కలిపి బేక్ చేసి, అది పూర్తయ్యే సమయానికి మిగతా సగం కలుపుకోండి. కాగితం కప్పుల్లో మూడింట రెండు వంతులే నింపాలి. 180 డిగ్రీల సెల్సియస్ దగ్గర 10 నిమిషాలు ముందే వేడి చేసిన ఓటీజీలో 18 నుంచి 22 నిమిషాలు. మొదటి 15 నిమిషాలు తలుపు తీయకండి. టూత్‌పిక్ గుచ్చితే పొడిగా రావాలి. పైన గోపురంలా లేచి పగిలితే వేడి ఎక్కువైందని అర్థం, కంగారేం లేదు, ఆ భాగం కోసేస్తే క్రీమ్ కింద కనబడదు. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టి మూత పెట్టండి, వేడి మీద పెడితే ఆవిరికి కాగితాలు ఊడొస్తాయి.

ఇక అక్షరాలు. తెలుగు అక్షరాన్ని ఉత్త చాక్లెట్‌తో రాసి ఎత్తితే తలకట్టు ఒక చోట, ఒత్తు ఒక చోట విడిపోతాయి. అందుకే కింద బిళ్ల ఉండాలి. తెల్ల చాక్లెట్ కాంపౌండ్‌ని (కోకో వెన్న బదులు వనస్పతి కొవ్వుతో చేసే చాక్లెట్ దిమ్మ) ముక్కలు చేసి, వేడి నీళ్ల గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి కరిగించండి. నీటి చుక్క పడితే ముద్దకట్టేస్తుంది, గిన్నె బాగా తుడుచుకోండి. బటర్ పేపర్ మీద చెంచాతో పోస్తూ పాత ఐదు రూపాయల బిళ్ల కంటే కొంచెం పెద్దవిగా గుండ్రంగా పరిచి పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. డార్క్ కాంపౌండ్ కరిగించి బటర్ పేపర్‌ని గోరింటాకు కోన్‌లా చుట్టి అందులో పోసి, మొన సన్నగా కత్తిరించి బిళ్లల మీద రాయండి. ‘ట్టి’, ‘క్ష’ ఉన్న బిళ్లలు కాస్త పెద్దవి చేసుకోండి, ఒత్తుకి చోటు కావాలి. చెయ్యి తిరగడానికి, ముందు ఉత్త కాగితం మీద రెండుసార్లు ‘భా’ రాసి చూసుకోండి, అన్నింట్లోకీ మొండిది అదే. బిళ్లలు నాలుగైదు ఎక్కువే చేయండి, విరిగేవి విరుగుతాయి, ఇంట్లో తినేవాళ్లు తింటూనే ఉంటారు.

క్రీమ్ దగ్గరే చాలామందికి టెన్షన్. టెట్రా ప్యాక్‌లో దొరికే 25 శాతం కొవ్వు ఫ్రెష్ క్రీమ్ ఎంత గిలక్కొట్టినా నిలబడదు, బేకింగ్ షాపులో ‘విప్పింగ్ క్రీమ్’ అనే అడగండి. గడ్డకట్టిన ప్యాకెట్‌ని ముందు రాత్రి ఫ్రీజర్‌లోంచి తీసి ఫ్రిజ్ కింది అరలో పెడితే పొద్దుటికి సరిపడా కరుగుతుంది. ఒక కప్పు తీసుకుంటే 12 కేకులకి వస్తుంది. గిన్నె, బీటర్ పుల్లలు కూడా ఫ్రిజ్‌లో పెట్టి, ఎండాకాలమైతే గిన్నె కింద ఐస్ నీళ్ల పళ్లెం పెట్టి కొట్టండి. గిన్నె వంచినా జారకపోతే అయిపోయినట్టే, ఇంకా కొడితే గరుకుగా విరిగినట్టు అవుతుంది. విప్పింగ్ క్రీమ్ ప్యాకెట్ మీద ‘నాన్ డెయిరీ’ (పాలతో కాక నూనెలతో చేసింది) అని ఉంటే దాంట్లో తీపి ముందే ఉంటుంది, పంచదార వద్దు. రంగు జెల్‌దే వాడండి, టూత్‌పిక్ మొనతో కొంచెం చాలు. ముదురు ఎరుపు జోలికి పోవద్దు, బోలెడు రంగు పడుతుంది, చేదొస్తుంది, పిల్లల నోళ్లు, గౌన్లు అన్నీ ఎర్రబడతాయి.

మే నెలలో, కరెంటు పోయే ఊళ్లో అయితే నేను క్రీమ్ మాటే ఎత్తను. 200 గ్రాముల డార్క్ కాంపౌండ్‌లో 100 గ్రాముల వేడి ఫ్రెష్ క్రీమ్ (ఇక్కడ 25 శాతందే చాలు) పోసి కలిపి చల్లార్చి, చెంచాతో పైన పూయడమే. ఎండకి క్రీమ్ కంటే ఇదే నయం.

స్టార్ నాజిల్ (క్రీమ్ సంచి మొనకి పెట్టే నక్షత్రం ఆకారపు గొట్టం) ఉంటే క్రీమ్‌ని అంచు నుంచి మధ్యకి ఒకే చుట్టుగా తిప్పండి, లేకపోతే మందపాటి కవర్ మూల కత్తిరించినా పనవుతుంది. చుట్టు మరీ ఎత్తు వద్దు, బిళ్ల దాని మీదే నిలబడాలి. అతిథులు రావడానికి రెండు గంటల ముందు ఇదంతా చేసి ఫ్రిజ్‌లో పెట్టి, జెమ్స్ బిళ్లలు మాత్రం చివర్లో అద్దండి, ముందే పెడితే తడికి రంగు దిగి క్రీమ్ మచ్చలవుతుంది. నాలుగేళ్లలోపు పిల్లలుంటే వాళ్ల కేకులకి జెమ్స్, వెండి రంగు పంచదార పూసలు, పుల్లలు గుచ్చిన బొమ్మలు ఏవీ పెట్టకండి, గొంతులో అడ్డం పడే ప్రమాదం. తురిమిన చాక్లెట్ చల్లితే సరిపోతుంది.

పేర్చడానికి స్టాండ్ కొనక్కర్లేదు. పెద్ద స్టీల్ పళ్లెం మధ్యలో డబ్బా బోర్లించి దాని మీద చిన్న పళ్లెం పెట్టి, అక్షరాల కేకులు కింద వరసగా, అంకె, కొవ్వొత్తి ఉన్నవి పైన పెట్టండి. ఎవరికి ఏ అక్షరం అన్న గొడవ ఖాయం, కాబట్టి అలంకరణ లేనివి ఇంకో ఆరు లోపల దాచిపెట్టండి. మిగిలితే క్రీమ్ వేసినవి ఫ్రిజ్‌లో డబ్బాలో మర్నాటికి బాగానే ఉంటాయి.