ఊరి సమస్య మీద అర్జీ రాయడం – 3వ పాఠం: కాల్వ మీద ర్యాంపు

ఏది ఊరి సమస్య, ఏది ఇద్దరి మధ్య గొడవ అని విడదీయడం మొదటి పాఠంలో చూశాం. ఫొటోలు తీసుకోవడం, తేదీలు నోట్‌బుక్‌లో రాసుకోవడం రెండో పాఠంలో అయిపోయింది. ఆ నోట్‌బుక్ పక్కన పెట్టుకోండి, ఇవాళ అర్జీ రాసేద్దాం.

నేను రాసిన మొదటి అర్జీ నాలుగు పేజీలు. మా వీధి చివర మురుగు నిలుస్తోందని మొదలుపెట్టి, పక్కింటాయన వాళ్ల నాన్న హయాంలో జరిగిన గెట్టు తగాదా దాకా వెళ్లిపోయాను. పంచాయతీ కార్యదర్శి పాపం ఓపిగ్గా మూడో పేజీ వరకు చదివి, కళ్లజోడు తీసి, "ఇంతకీ నన్నేం చెయ్యమంటారు సార్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నాలుగు పేజీలు తిరగేసినా ఎక్కడా నేను ఏదీ అడగలేదు, తిట్టాను అంతే.

కాబట్టి ఈ పాఠమంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే. మీ కాగితం చదివిన మనిషి రేపు పొద్దున ఎవర్ని పిలిచి ఏం చెప్పాలో అందులోనే ఉండాలి.

ఉదాహరణకి ర్యాంపు తీసుకుందాం, ఎందుకంటే ఇది లేని వీధి లేదు. సీసీ రోడ్డు వేశాక రోడ్డు పైకి లేస్తుంది, ఇల్లు కిందికో పైకో ఉండిపోతుంది, మధ్యలో సైడ్ కాల్వ. బండి లోపలికి ఎక్కాలి కదా, అందుకని కాల్వ మీద రెండు బండలు వేసి సిమెంటు పోసేస్తారు. అది తప్పని నేను అనను, అందరికీ బండ్లున్నాయి. కానీ కింద నీళ్లు పోవడానికి వదిలిన సందు జానెడు కూడా ఉండదు. మొదటి వానకి కొబ్బరి పీచు, పాల కవర్లు, ఒక చెప్పు (ప్రతి కాల్వలోనూ ఒంటి చెప్పు ఉంటుంది, రెండోది ఎక్కడికి పోతుందో నాకు ఇప్పటికీ తెలీదు) వచ్చి ఆ సందులో ఇరుక్కుంటాయి. వెనక నీళ్లు నల్లగా నిలబడతాయి, నురగ కడతాయి, రోడ్డెక్కుతాయి. బడికెళ్లే పిల్లలు గోడ పట్టుకుని ఇటుక మీంచి ఇటుక మీదికి దూకుతుంటారు.

దీని మీద మామూలుగా మనం రాసే వాక్యం ఇలా ఉంటుంది:

"గత కొన్నేళ్లుగా మా వీధిలో కొందరు దౌర్జన్యంగా కాల్వ కబ్జా చేసి ఊరంతా కంపు చేస్తున్నారు కావున వారిపై కఠిన చర్యలు తీసుకోగలరని ప్రార్థన."

చదవడానికి ఘాటుగా ఉంది. కానీ పనికిరాదు. ఒక్కో ముక్కా విప్పి చూడండి. "కొన్నేళ్లుగా" అంటే ఎప్పట్నుంచి? "మా వీధి" అంటే ఏ వీధి, ఊళ్లో పదకొండు వీధులున్నాయి. "దౌర్జన్యంగా" అనేది మీ అభిప్రాయం, ఆ మాట రాయగానే అవతలివాళ్లు ర్యాంపు సంగతి వదిలేసి ఆ మాట పట్టుకుంటారు, పంచాయితీ ఇంకో దారి పడుతుంది. "ఊరంతా" అబద్ధం, మహా అయితే ఎనిమిది ఇళ్లు. ఇక "కఠిన చర్యలు". నాకు ఈ రెండు మాటలు చూస్తే చిరాకు, ఎందుకంటే దాని అర్థం రాసినవాడికీ తెలీదు, చదివేవాడికీ తెలీదు, ఫైల్లో పెట్టేయడానికి మాత్రం చాలా వీలుగా ఉంటుంది.

ఇప్పుడు అదే విషయం ఇంకోలా:

గ్రామ పంచాయతీ కార్యదర్శి గారికి,
విషయం: 4వ వార్డులో సైడ్ కాల్వ మూసుకుపోయి మురుగు రోడ్డుపైకి రావడం గురించి.
అయ్యా, 4వ వార్డు రామాలయం వీధిలో మంచినీళ్ల ట్యాంకు నుంచి మూడో కరెంటు స్తంభం దగ్గర సైడ్ కాల్వ మీద సుమారు 6 అడుగుల పొడవు సిమెంటు ర్యాంపు ఉంది. దాని కింద నీళ్లు పోయే సందు 4 అంగుళాలు మాత్రమే ఉంది. జూలై 6, 11, 19 తేదీల్లో వాన పడినప్పుడు అక్కడ చెత్త అడ్డుపడి మురుగు రోడ్డు మీద సుమారు 30 అడుగుల మేర నిలిచింది. 8 ఇళ్లవాళ్లం, బడి పిల్లలు ఆ నీళ్లలోంచే నడుస్తున్నాం. ఫొటోలు 3 జతచేశాం.
దయచేసి (1) ఈ వారంలో కాల్వలో పూడిక తీయించగలరు, (2) ర్యాంపు కింద నీళ్లు పోయేంత వెడల్పు పైపు లేదా తీసి శుభ్రం చేయడానికి వీలైన జాలీ పెట్టుకోవాలని ఆ ఇంటివారికి నోటీసు ఇవ్వగలరు, (3) తీసుకున్న చర్య మాకు రాతపూర్వకంగా తెలపగలరు.

అంతే. కింద తేదీ, సంతకాలు, ఇంటి నంబర్లు, ఒక ఫోన్ నంబరు.

ఇందులో ర్యాంపు ఎవరిదో పేరు లేదు, గమనించారా? కావాలనే వదిలేశాను. స్తంభం దగ్గరికి వెళ్లి చూస్తే ఎవరిల్లో కార్యదర్శికే తెలుస్తుంది. పేరు రాస్తే అది మనిషి మీద ఫిర్యాదు అవుతుంది. రాయకపోతే కాల్వ మీద ఫిర్యాదుగా ఉంటుంది. ఊళ్లో రేపట్నుంచి కూడా అదే వీధిలో తిరగాలి, అదే బావి గట్టు మీద కూచోవాలి. పైగా పేర్లూ కులాలూ పాత కక్షలూ దొర్లిన అర్జీని ఏ ఆఫీసరైనా "వీళ్ల గొడవ మనకెందుకు" అని పక్కన పెట్టడానికే చూస్తాడు, ఆయన్నీ తప్పుపట్టలేం.

కొలతలు ఎలా వచ్చాయంటారా, టేపు అక్కర్లేదు. మీ జాన ఎన్ని అంగుళాలో ఇంట్లో పిల్లల స్కేలు మీద ఒకసారి చూసుకోండి, మీ అంగ ఎన్ని అడుగులో చూసుకోండి, తర్వాత జీవితాంతం పనికొస్తుంది. "సుమారు" అని రాస్తే చాలు. గుర్తు మాత్రం కదలనిది చెప్పాలి: స్తంభం, ట్యాంకు, బడి గోడ. "చింతచెట్టు పక్కన ఆగి ఉండే ట్రాక్టరు దగ్గర" అని రాసిన అర్జీ నేను కళ్లారా చూశాను.

సంతకాల దగ్గర చాలామంది ఆగిపోతారు. ఎనిమిది ఇళ్లలో మూడిళ్లవాళ్లు చేస్తారు, మిగతావాళ్లు "నువ్వు పెట్టన్నా, మేమున్నాం కదా" అంటారు. మూడు చాలు. ఒక్కటైనా పరవాలేదు, కాకపోతే ఇబ్బంది పదిమందిదని కాగితంలో కనబడాలి, ఎందుకంటే చట్టం చూసేది అదే. భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ బదులు వచ్చిన కొత్త నేరాల చట్టం) 270వ సెక్షన్ ప్రకారం పబ్లిక్ న్యూసెన్స్ అంటే ప్రజలకి గానీ చుట్టుపక్కల ఉండేవాళ్లకి గానీ హాని, ప్రమాదం, ఇబ్బంది కలిగించేది. అందులోనే ఇంకో మాట కూడా ఉంది, దాన్ని గుర్తుపెట్టుకోండి: దానివల్ల ఎవరికో సౌకర్యం ఉందనేది సాకుగా చెల్లదు. "మా బండి ఎక్కాలి కదండీ" అన్నదానికి జవాబు అదే. ఈ సంహిత 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది, కాబట్టి పాత అర్జీల నమూనాల్లో కనబడే ఐపీసీ 268, 290 సెక్షన్లు కాపీ కొట్టకండి. ఇప్పుడు 270, 292. 292 కింద జరిమానా 1,000 రూపాయల వరకే, దానికి ఎవరూ భయపడరు. అందుకే మనం జరిమానా అడగట్లేదు, పూడిక తీయమంటున్నాం.

అర్జీ ఇచ్చే ముందు ఒక పని ఉంది. ఒకసారి ఆ ఇంటికి వెళ్లి మాట్లాడండి. సాయంత్రం పూట, ఒక్కరే, చేతిలో ఫోను వీడియో ఆన్ చేయకుండా. "అన్నా, నీ ర్యాంపు కింద పైపు పెద్దది వేస్తే మాకు రోడ్డు మీదికి నీళ్లు రావు, నీకూ వాకిట్లో కంపు తగ్గుద్ది" అంటే సగం మంది వేసేస్తారు. మా వీధిలో ఒకాయన నేను అడిగిన మర్నాడే గునపం తీశాడు. "ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదే" అన్నాడు, ఆయన మాట నిజమే, అందరం ఆయన వెనక అనుకున్నాం తప్ప ఎదురుగా చెప్పలేదు. ఒప్పుకోకపోతే ఆ తేదీ కూడా నోట్‌బుక్‌లోకి ఎక్కుతుంది.

ఇచ్చేటప్పుడు రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి వాళ్లకి, రెండో దాని మీద "అందినది" అని సంతకం, తేదీ, ఆఫీసు ముద్ర, ఇన్వర్డ్ నంబరు ఉంటే అదీ. "ఇచ్చిపొండి, చూస్తాం" అంటే నవ్వుతూనే నిలబడండి. మరీ ఇవ్వకపోతే స్పీడ్ పోస్టులో పంపండి, ఆ రసీదు అర్జీ కాపీకి పిన్ను కొట్టండి. ముద్ర లేని అర్జీ చేతికి ఇచ్చినా ఇవ్వనట్టే.

పదిహేను రోజులు చూసి కదలిక లేకపోతే అదే కాగితం, పైన ఒక్క వాక్యం చేర్చి, మండల ఆఫీసుకి. "ఫలానా తేదీన పంచాయతీకి ఇచ్చిన అర్జీ కాపీ జతచేశాం, చర్య లేదు." కొత్త కథ రాయొద్దు. ఆ పైన జిల్లా పంచాయతీ అధికారి, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే రోజు ఉంటుంది కదా, తెలంగాణలో ప్రజావాణి అంటారు, అక్కడికి.

వీటన్నిటికన్నా బలమైన తలుపు ఒకటుంది, దాన్ని తట్టేవాళ్లు తక్కువ. భారతీయ నాగరిక సురక్షా సంహిత (నేర విచారణ పద్ధతులు చెప్పే సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 152వ సెక్షన్, పాత సీఆర్‌పీసీలో 133. దారికో కాల్వకో అడ్డం, ఆరోగ్యానికి హాని చేసే వ్యాపారం, కూలిపోయేలా ఉన్న గోడ లేదా చెట్టు, కంచె లేని బావి, ప్రమాదకరమైన జంతువు, ఇలాంటివి తొలగించమని సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ ఉత్తర్వు ఇవ్వొచ్చు. మనకి ఆర్డీఓ ఆఫీసే. ముందు ఇచ్చేది షరతుతో కూడిన ఉత్తర్వు: ఇన్ని రోజుల్లో తొలగించు, లేదా వచ్చి ఎందుకు తొలగించనో చెప్పుకో.

తప్పు పంచాయతీదే అయితే? అది కూడా కుదురుతుంది. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణంలో ఒక వీధివాళ్లు తెరిచి ఉన్న మురుగు కాల్వల మీద ఈ 133 కిందే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లారు. మున్సిపాలిటీ మా దగ్గర డబ్బుల్లేవంది. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది, 1980లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ డబ్బుల్లేవనే సాకు ఈ బాధ్యత నుంచి తప్పించదని తేల్చేశారు. "బడ్జెట్ లేదండీ" అనే మాట విన్నప్పుడల్లా నాకు రత్లాం గుర్తొస్తుంది. మీ అర్జీలో దాన్ని ఒక్క వాక్యంలో ప్రస్తావించినా నష్టం లేదు, కానీ పంచాయతీకిచ్చే మొదటి అర్జీలో మాత్రం వద్దు. మొదటిరోజే సుప్రీంకోర్టు పేరెత్తితే కార్యదర్శి మనల్ని వేరే రకంగా చూస్తాడు.

అన్నిటికీ ఈ నమూనా పనికిరాదు. మైకు సంగతే చూడండి. రాత్రి పదకొండింటికి డీజే మోగుతుంటే అర్జీ రాస్తూ కూచుంటామా, 100కో 112కో ఫోన్ చేయాలి. రాసేది తర్వాత రోజు, మళ్లీ జరగకుండా. అందులో పెట్టాల్సిన ముక్కలు శబ్ద కాలుష్య నియమాలు, 2000 లో ఉన్నాయి: రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ ఆరుబయట వాడకూడదు, నివాస ప్రాంతంలో పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45, ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం. పండగలకి ప్రభుత్వం అర్ధరాత్రి 12 దాకా సడలింపు ఇవ్వొచ్చు, అదీ ఏడాదికి 15 రోజులు మించకుండా. కాబట్టి ఫోన్ చేసే ముందు ఆ రోజు సడలింపు ఉందేమో కనుక్కోండి, లేకపోతే మీరే ఇబ్బంది పడతారు. ఫోను యాప్‌లో కనబడే డెసిబెల్స్ అంకె సాక్ష్యంగా నిలబడదు గానీ, టైముతో సహా రాసుకుంటే మీ మాటకి కాస్త బరువొస్తుంది.

పశువులు రోడ్ల మీద, చేలల్లో పడుతుంటే అడగాల్సింది బందెలదొడ్డి (అలా పట్టుకున్న పశువుల్ని ఉంచే దొడ్డి) పనిచేయించమని. నవ్వకండి, పశువుల అక్రమ ప్రవేశ చట్టం 1871 నాటిది, ఇప్పటికీ ఉంది. చాలా ఊళ్లలో దొడ్డి గోడలు కూలి అందులో పిచ్చి మొక్కలు మొలిచాయి, అది వేరే సంగతి.

కుక్కల మీద "చంపించగలరు" అని రాయొద్దు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధి కుక్కలకి ఆపరేషన్, టీకా చేయించడమే దారి, అడిగేది కూడా అదే ఉండాలి. ఎండిపోయిన బోరు గుంత అయితే మాత్రం పదిహేను రోజులు ఆగొద్దు, పొద్దున్నే వెళ్లి ముందు దానిమీద బరువైన బండ పెట్టించి, తర్వాత రాయండి.

ఇక అభ్యాసం. మీ నోట్‌బుక్‌లోంచి ఒక్క సమస్యే తీసుకోండి, రెండు కలపొద్దు. ఒక పేజీ దాటకుండా రాయండి. రాశాక "దౌర్జన్యం", "కఠిన", "ఊరంతా", "ఎన్నోసార్లు" ఎక్కడున్నా కొట్టేసి, ఆ చోట తేదీయో అంకెయో పెట్టండి. తర్వాత ఇంట్లో ఆ వీధి ఎరగని ఎవరికైనా ఇచ్చి చదివించి, "ఇప్పుడు కార్యదర్శి ఏం చెయ్యాలి?" అని అడగండి. వాళ్లు తడుముకుంటే చివరి పేరా మళ్లీ రాయండి. ముద్ర వేయించిన కాపీ జాగ్రత్తగా దాచండి, వచ్చే పాఠంలో సమాచార హక్కు దరఖాస్తుకి అదే కావాలి. గ్రామ స్థాయిలో దానికి ఫీజు కూడా లేదు.