పాత కీబోర్డ్ యాంప్ కొనే ముందు: బేరం కుదరకముందే చూసుకోవాల్సినవి

ఎండలు మొదలయ్యేసరికి అమెరికాలో వీధి వీధికీ గ్యారేజ్ సేల్ బోర్డులు వెలుస్తాయి. కీబోర్డు వాయించే మనవాళ్లు చాలామంది ఈ సీజన్ కోసమే ఎదురుచూస్తారు. 1970లు, 80ల నాటి రోలాండ్, పీవీ యాంప్‌లు (కీబోర్డు శబ్దాన్ని పెంచి వినిపించే స్పీకర్ పెట్టెలు), లోపల హార్న్ తిరిగే లెస్లీ పెట్టెలు బేస్‌మెంట్లలోంచి బయటికొచ్చేది ఇప్పుడే. పాత సింథసైజర్‌కి అదే కాలపు యాంప్ జత చేస్తే వచ్చే శబ్దంలో ఒక నిండుదనం ఉంటుంది. అది ఒకసారి చెవిన పడ్డాక మనసు ఆగదు. సరిగ్గా ఆ ఆగని మనసుతోనే ఎక్కువ డబ్బు పోగొట్టుకుంటాం. అందుకే సీజన్‌కి ముందే ఇది రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు ధర సంగతి. ఆన్‌లైన్‌లో కనిపించే ధరల్లో అడిగే ధర వేరు, అమ్ముడుపోయిన ధర వేరు. అడగడానికి ఎవరైనా ఎంతైనా అడగొచ్చు. ఈబేలో అమ్ముడైనవాటిని మాత్రమే చూపించే ఫిల్టర్ ఉంది, అది పెట్టి చూడండి. అదే మోడల్, అదే కాలంనాటివి కనీసం ఐదారు చూసి, మరీ ఎక్కువకీ మరీ తక్కువకీ పోయినవాటిని తీసేస్తే మిగిలేది బాగా పనిచేసే పెట్టెకు మార్కెట్ ధర. మీ ఎదురుగా ఉన్న పెట్టె ధర అది కాదు. అందులోంచి ఏమేం తీసేయాలో తెలుసుకోవడమే అసలు పని.

లెక్క ఎలా ఉంటుందో చూపించడానికి కొన్ని అంకెలు వేసుకుందాం. బాగున్న పెట్టె 700 డాలర్లకు పోతోంది అనుకోండి. మీరు చూస్తున్నదాంట్లో పవర్ కెపాసిటర్లు (లోపల కరెంటును నిలవచేసే భాగాలు) మార్చాలి, దానికి 150. నాబ్‌లు గరగరమంటున్నాయి, శుభ్రం చేయించడానికి 50. ఒక స్పీకర్ కోన్ (కదిలి శబ్దం పుట్టించే కాగితపు గరాటు) మార్పించాలి, 120. మొత్తం 320 పోతే మిగిలింది 380. కంటికి కనపడని లోపాల కోసం ఇంకో పది, పదిహేను శాతం పక్కన పెడితే 330 దగ్గర ఆగాలి. అమ్మేవాడు 550 చెప్తుంటే మీకు, అతనికి మధ్య ఉన్న తేడా ఎక్కడ ఉందో ఇప్పుడు మీకు తెలుసు. గట్టిగా వాదించాల్సిన పని లేదు, ఈ లెక్కే అతనికి చెప్పండి. చాలామంది దిగుతారు. దిగకపోతే నమస్కారం పెట్టి వచ్చేయండి. మరమ్మతు రేట్లు మాత్రం ఊహించుకోకండి. మీ ఊరి టెక్నీషియన్‌కి ముందే ఫోన్ చేసి ఏ పనికి ఎంత తీసుకుంటాడో రాసి పెట్టుకోండి.

"పరీక్షించలేదు" అని రాసి ఉంటే పనిచెయ్యదనే లెక్కలో ధర కట్టండి. ప్లగ్ పెట్టి చూడటానికి ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషం కూడా ఎందుకు పెట్టలేదో ఆలోచించండి.

పోయిన ఏడాది మా తెలుగు సంఘంలో వాయించే కుర్రాడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, రోలాండ్ జేసీ-120 దొరికింది, చూడ్డానికి కొత్త పెళ్లికొడుకులా ఉంది, అడ్వాన్స్ పంపెయ్యనా?" అన్నాడు. "ఆగరా, వెనక వైపు ఫొటో తెప్పించు" అన్నాను. ఫొటో వచ్చింది. లోపల రెండు 12 అంగుళాల స్పీకర్లు. ఒకదాని అయస్కాంతం మీద దుమ్ము, పాతబడిన లేబుల్. రెండోది నల్లగా నిగనిగలాడుతోంది, దాని అంచు తీరే వేరు. ఒక స్పీకర్ మార్చారు, ఆ మాట ప్రకటనలో లేదు. మార్చడం తప్పు కాదు, చెప్పకపోవడమే తప్పు. వాడు ఆ ఫొటోనే తిప్పి పంపి అడిగితే ధర అక్కడికక్కడే తగ్గింది.

జేసీ-120 గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే కీబోర్డు వాళ్ల చేతికి ఎక్కువగా వచ్చేది ఇదే. 1975లో వచ్చింది. ట్యూబులు (పాత రేడియోల్లో వెలిగే గాజు వాల్వులు) లేవు, అంతా ట్రాన్సిస్టర్లే. లోపల 60 వాట్ల యాంప్‌లు రెండు, ఒక్కోటి ఒక్కో స్పీకర్‌ని నడుపుతుంది. కోరస్ (ఒకే స్వరాన్ని ఇద్దరు కలిసి వాయించినట్టు వినిపించే ఏర్పాటు) వేస్తే ఒక స్పీకర్ నుంచి మామూలు శబ్దం, రెండో దాని నుంచి కాస్త ఊగే శబ్దం వస్తాయి. రెండూ గాలిలో కలిసి ఆ పేరుపొందిన కోరస్ అవుతుంది. కాబట్టి దూరంగా నిలబడి వింటే లోపం తెలియదు. కోరస్ ఆపి, ఒక్కో స్పీకర్ దగ్గరికి వంగి చెవి పెట్టండి. రెండూ సమానంగా మోగాలి. తర్వాత కోరస్ వేసి మళ్లీ వినండి. రెండు వైపులా ఒకేలా ఉంటే కోరస్ పనిచెయ్యట్లేదని అర్థం. సన్నగా "స్స్" మనే శబ్దం మాత్రం ఈ మోడల్‌కి పుట్టుకతో ఉన్నదే, దానికి ధర తగ్గించమని అడగకండి.

గిటార్ యాంప్‌లు చూసే పద్ధతిలోనే కీబోర్డ్ యాంప్‌ని చూస్తే సరిపోదు. గిటార్‌లో అన్నిటికన్నా కింది తీగ 82 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 82 సార్లు కంపిస్తూ మోగుతుంది. 61 కీల సింథసైజర్‌లో అన్నిటికన్నా కింది సి స్వరం 65 హెర్ట్జ్. ఒక ఆక్టేవ్ (ఒక స్థాయి) దించితే 33 దగ్గరికి పోతుంది. పైగా గిటార్ తీగ మీటగానే శబ్దం తగ్గుతూ పోతుంది, సింథ్ మీద వేలు తీసేదాకా అదే జోరు. దాంతో స్పీకర్ వాయిస్ కాయిల్ (కోన్‌ని కదిలించే తీగచుట్ట) కాగిపోతుంది. నలభై ఏళ్లు ఇలా బాస్ మోగించిన పెట్టెలో కాయిల్ రాచుకుపోవడం మామూలే. అందుకని మీ కీబోర్డు, మీ కేబుల్ మీరే తీసుకెళ్లండి. కింది సి నొక్కి పట్టుకుని వాల్యూమ్ మెల్లగా పెంచండి. కాగితం చిరుగుతున్నట్టు బరబరమంటే కోన్ గానీ కాయిల్ గానీ దెబ్బతిన్నట్టే. డబ్బాలో ఎక్కడో వదులైన స్క్రూ కూడా అలాగే మోగుతుంది. చేత్తో పెట్టెను నొక్కి చూస్తే తేడా తెలుస్తుంది.

ఎంతసేపు వినాలి? కనీసం నలభై నిమిషాలు. ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నది. ఒక ఇంట్లో ఐదు నిమిషాలు వాయించి, ముచ్చటపడి, అడిగినంతా ఇచ్చి తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి అరగంట వాయించేసరికి చిటపటలు మొదలై శబ్దం నీరసించి ఆగిపోయింది. చల్లారాక మళ్లీ బాగానే మోగింది. వేడెక్కితే వదిలేసే సోల్డర్ అతుకు లోపలెక్కడో ఉంది. దాన్ని వెతకడానికే టెక్నీషియన్‌కి రెండు పూటలు పట్టింది. కొన్న ధరలో సగానికి పైగా మరమ్మతుకే పెట్టాను. ఆ ఇంట్లో టీ తాగుతూ ఇంకో అరగంట కూర్చుని ఉంటే అదే లోపం అక్కడే బయటపడేది.

చేతిలో మల్టీమీటర్ ఉంటే ట్రాన్సిస్టర్ యాంప్‌కి ఇంకో పరీక్ష చెయ్యొచ్చు. వాల్యూమ్ సున్నాలో పెట్టి, స్పీకర్ టెర్మినల్స్ దగ్గర డీసీ వోల్టేజ్ చూడండి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే నిశ్చింత. వోల్టుల్లో కనిపిస్తే వెంటనే ఆపెయ్యండి, ఆ యాంప్ స్పీకర్‌ని కాల్చేస్తుంది.

ట్యూబ్ యాంప్ అయితే లోపల చెయ్యి పెట్టొద్దు. ఎంత తెలిసినవాళ్లయినా అమ్మేవాళ్ల ఇంట్లో ఆ పని చెయ్యకండి. లోపల 400, 500 వోల్టులు ఉంటాయి, ప్లగ్ తీసేసిన తర్వాత కూడా కెపాసిటర్లలో నిలిచి ఉంటాయి. ఏళ్ల తరబడి పక్కన పడి ఉన్నదాన్ని నేరుగా కరెంటుకి తగిలించకండి. మన ఊళ్లలో రేడియో మెకానిక్కులు వాడే సిరీస్ బల్బు గుర్తుందా, ఇక్కడా అదే పద్ధతి. పాతకాలపు ఫిలమెంట్ బల్బును వరసలో కలిపి ఆన్ చేస్తే, లోపల షార్ట్ ఉన్నప్పుడు బల్బు భగ్గున వెలుగుతుంది, యాంప్ బతికిపోతుంది. అది టెక్నీషియన్ చేతే చేయించండి. రెండు పిన్నుల ప్లగ్ ఉన్నవాటికి ఎర్తింగ్ ఉండదు. ఒక చెయ్యి కీబోర్డు మెటల్ మీద, పెదాలు మైకుకి తగిలితే షాక్ కొట్టొచ్చు. మూడు పిన్నుల తీగ వేయించే ఖర్చు కూడా లెక్కలో కలపండి. అప్పటికే వేయించి ఉంటే "ఒరిజినల్ కాదు" అని ధర తగ్గించకండి. కెపాసిటర్లు మార్పించినా అంతే. వాయించుకునేవాడికి అవి లోపాలు కావు, ఎవరో మన కోసం ముందే పెట్టిన ఖర్చు.

అమెరికాలో తయారైన పెట్టె ఏ ఏడాదిదో అమ్మేవాడి మాట మీద నమ్మనక్కర్లేదు. నాబ్ వెనకుండే పాట్ (నాబ్‌తో పాటు తిరిగి శబ్దాన్ని పెంచే, తగ్గించే భాగం) మీద 137-7823 అని ఉంటే, 137 అంటే సీటీఎస్ కంపెనీ, 78 ఏడాది, 23 ఆ ఏడాదిలో వారం. స్పీకర్ల మీదా ఇలాంటి అంకెలే ఉంటాయి, 67 అంటే ఎమినెన్స్ అనే స్పీకర్ కంపెనీ. పాట్ 1978ది అయితే యాంప్ అంతకన్నా పాతది కాదు, మధ్యలో పాట్ మార్చి ఉంటే తప్ప. 1972 నాటిదని చెప్పి ఎక్కువ అడుగుతుంటే ఈ అంకె చూపించండి.

లెస్లీ సంగతి వేరు. 122, 147 మోడళ్లు రెండూ బయటికి ఒకేలా ఉంటాయి, రెండింటికీ ఆరు పిన్నుల సాకెట్టే, కానీ లోపల వైరింగ్ వేరు. ఒకదాని కేబుల్‌ని ఇంకోదానికి పెడితే చెడిపోతాయి. ఆ కేబుల్‌లోనే మెయిన్స్ కరెంటు కూడా నడుస్తుంది. సింథసైజర్‌ని వీటికి నేరుగా కలపడం కుదరదు, మధ్యలో ప్రీయాంప్ (సింథ్ శబ్దాన్ని లెస్లీకి సరిపడేలా చేసి అందించే పెట్టె) కావాలి. అది లేకుండా అమ్ముతుంటే దాని ధర తీసేసి బేరమాడండి. పైగా బరువు 60 కిలోలకు పైనే. ఇక పీవీ కంపెనీ కేబీ వరస కీబోర్డ్ యాంప్‌ల మీద ఇంకా కలెక్టర్ల కన్ను పడలేదు. అందం లేకపోయినా గట్టివి, మొదటిసారి కొనేవాళ్లకు నేను చెప్పేది ఇవే.

ఇండియాకి తీసుకెళ్లే ఆలోచన ఉంటే వెనక ప్లేటు మీద వోల్టేజ్ చదవండి. అమెరికావి 120, జపాన్‌లో అమ్మినవి 100. మన 230కి నేరుగా పెడితే ఆ క్షణమే మాడిపోతాయి. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజ్ దించుతుంది గానీ మన కరెంటు 50 హెర్ట్జ్‌ని అమెరికాలోలా 60 చెయ్యలేదు. లెస్లీ మోటార్లు అక్కడ ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతాయి. కొరియర్‌లో పంపిస్తే కస్టమ్స్ సుంకాన్ని వస్తువు ధర మీదే కాక రవాణా, ఇన్సూరెన్స్ కూడా కలిపి లెక్కిస్తారు. ఇవన్నీ కలిపితే చవకగా కొన్నది చవకగా మిగలకపోవచ్చు.

కొన్నాక కారులో నిలువుగానే పెట్టండి. లెస్లీ అయితే లోపల తిరిగే హార్న్‌ని మెత్తటి గుడ్డతో కదలకుండా కట్టండి. ట్యూబులు తెలిసినవాళ్ల చేత తీయించి, ఏది ఎక్కడిదో రాసి విడిగా చుట్టండి. చలిలోంచి వెచ్చటి ఇంట్లోకి తెస్తే లోపల తేమ పడుతుంది, రాత్రంతా అలా వదిలేసి పొద్దున్నే ఆన్ చెయ్యండి.